బ్రేకుల బాబాయ్ కొండదారి డ్యూటీ

బ్రేకుల బాబాయ్ పొద్దున్న సరిగ్గా పదింటికి డ్యూటీ ఎక్కుతాడు. డ్యూటీ అంటే ముందుగదిలో కిటికీ పక్కనున్న బల్ల. బల్ల మీద కంప్యూటర్ తెర, బల్ల అంచుకి మరలతో బిగించిన స్టీరింగ్, కింద మూడు పెడళ్లు, ఎడమకాలి పక్కన చిన్న పీట మీద కంప్యూటర్ డబ్బా. రిటైరైన మనిషి పదింటికి కాకపోతే పదకొండింటికి కూర్చోవచ్చు, అడిగే నాథుడు లేడు. కానీ ఆ మాట ఆయనతో అనకూడదు. పదింటి బండి పదింటికే కదలాలి. కూర్చునే ముందు బల్ల చుట్టూ ఓసారి తిరిగి, నాలుగు కాళ్లనీ బొటనవేలితో తట్టి చూస్తాడు. టైర్లలో గాలి చూడటమన్నమాట. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు. బల్లకి టైర్లుండవన్న సంగతి ఆయన కాలికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

సిటీ బస్సు నడిపినన్నాళ్లూ అందరూ ఆయన్ని బ్రేకుల బాబాయ్ అనేవారు. అది వెక్కిరింత కాదు, బిరుదు. ఆయన బస్సులో నిలబడ్డవాళ్లు కడ్డీ పట్టుకోనక్కర్లేదు. బస్సు ఆగిందో లేదో కిటికీలోంచి చూసి తెలుసుకోవాల్సిందే. అంతకన్నా గొప్ప విద్య ఇంకొకటి ఉండేది. స్టాపులో అందరికన్నా ముందు నిలబడ్డ మనిషిని దూరం నుంచే చూసుకుని, సరిగ్గా ఆ మనిషి ఎదురుగా తలుపు వచ్చేటట్టు ఆపేవాడు. మిగతావాళ్ల బస్సుల వెనక జనం మూటలతో, పిల్లలతో పరిగెత్తేవారు. ఈయన బస్సు కోసం మాత్రం ఎవరూ ఒక్క అడుగు అటూ ఇటూ వేసి ఎరగరు.

అలాంటి మనిషిని ఉద్యోగం చివరి ఏడాది సీట్లోంచి దింపేశారు. డిపోలో ఏటా ఒక పరీక్ష ఉంటుంది. ఎర్రదీపం వెలగగానే కాలితో పెడల్ తొక్కాలి. మూడుసార్లు దీపం వెలిగింది, మూడుసార్లూ ఆయన కాలు రెప్పపాటు వెనకబడింది. 'కన్ను చూసినంత వేగంగా కాలు కదలడం లేదు' అని డాక్టరు కాగితం మీద రాసి సంతకం పెట్టేశాడు. ఆ ఏడాదంతా బాబాయ్ ఆఫీసు గదిలో కూర్చుని మిగతా డ్రైవర్లకి డ్యూటీ చీటీలు పంచాడు. ఇంట్లో ఒక్క ముక్క అనలేదు. అనకపోయినా ఆ వాక్యం మనసులో ముల్లులా అలాగే ఉండిపోయింది.

రిటైరయ్యాక ఆయన ముఖం చూడలేక కూతురు తన పాత కంప్యూటర్ తెచ్చి ఈ బల్ల మీద పెట్టింది. స్టీరింగ్ కొనిచ్చింది, బస్సు నడిపే ఆట పెట్టిచ్చింది. "ఉత్తుత్తి బస్సు నేను నడపడమేంటమ్మా, నవ్వుతారు" అన్నాడు మొదటిరోజు. వారం తిరిగేసరికి, డ్యూటీలో ఉండగా ఫోను చేయొద్దని ఆ కూతురికే చెప్పాడు. ఆటలోనూ స్టాపులుంటాయి, ప్రయాణికులుంటారు, రోడ్డు మీద ఆపాల్సిన చోట తెల్లగీత ఉంటుంది. గీత మీద ఆపితే జనం నెమ్మదిగా ఎక్కుతారు. దాటిపోతే చేతులు ఊపుతూ తిట్టుకుంటారు. ఊళ్లోని దారులన్నీ ఆయనకి నెలరోజుల్లో నల్లేరు మీద నడకైపోయాయి.

మిగిలింది కొండదారి. పదకొండు స్టాపులు, ఎడతెగని వాన, నాలుగో స్టాపు ముందర వంతెన, వంతెన దాటగానే మలుపుల ఎక్కుడు. పాత కంప్యూటర్ ఆ దారిలో రెండో మలుపుకే చేతులెత్తేసేది. బొమ్మ ఆగి ఆగి కదిలేది. కూతురికి చెబితే, "నాన్నా, నీ బస్సు మంచిదే, బొమ్మ గీసే కార్డుకే ఓపిక లేదు. గ్రాఫిక్స్ కార్డు మార్చాలి. ఇంజను మార్చినట్టనుకో" అంది. ఇంజను అనేసరికి బాబాయ్‌కి సంగతి మొత్తం అర్థమైపోయింది.

ఒక శనివారం కొత్త కార్డు తెచ్చి ఆ అమ్మాయే బిగించింది. బాబాయ్ టార్చిలైటు పట్టుకున్నాడు. డబ్బా మూసి రెండు స్టాపుల దూరం నడిపి చూపించింది. అద్దం మీద పడ్డ ఒక్కో వానచుక్కా విడివిడిగా జారుతోంది. బాబాయ్ నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు.

"షాపతను ఒకే ఒక్క మాట చెప్పాడమ్మా. దుమ్ము పడనివ్వకూడదట. ఈ కార్డుకి దుమ్మే శత్రువట" అని వెళ్తూ వెళ్తూ తల్లి చెవిన వేసి, అమ్మాయి మర్నాడే మూడు వారాల ట్రైనింగుకి వేరే ఊరు వెళ్లిపోయింది. చెవిన వేయడానికి ఇంకెవరూ దొరకనట్టు!

బాబాయ్ భార్యని వీధి వీధంతా పిన్ని అంటుంది. కుట్టుపని ఆవిడ వృత్తి. రెండో కిటికీ దగ్గర మిషను, దాని పక్కన బట్టలు కుట్టగా మిగిలిన ముక్కల సంచి. ఆ ఇంట్లో ఒంటిమీద బట్ట లేని వస్తువు ఒక్కటి లేదు. ఫ్రిజ్‌కి గౌను, ఇస్త్రీపెట్టెకి టోపీ, టీవీ రిమోటుకి రెయిన్‌కోటు. గొడుగు కవరు మాసిపోతోందని దానికి ఇంకో కవరు కుట్టిన చెయ్యి అది. దుమ్ము అనే మాట వినబడితే ఆ చెయ్యి ఆగుతుందా?

ట్రంకుపెట్టె తెరిచింది. అడుగున బాబాయ్ యూనిఫాంలు రెండు జతలు, మడత నలగకుండా, ముప్పై ఒక్క ఏళ్లు ఇస్త్రీ చేసిన చేతులతోనే దాచిపెట్టినవి. కుట్లు ఊడదీసి, దిట్టమైన ఆ ఖాకీని రెండు పొరలుగా వేసి, లోపల లైనింగు పెట్టి, కంప్యూటర్ డబ్బాకి తొడుగు కుట్టింది. మీట నొక్కడానికి ఒక గుండీ కన్నం, వెనక వైర్లు రావడానికి సన్నటి చీలిక, బిగించి కట్టడానికి నాడాలు. చొక్కా జేబుని విప్పకుండా ముందువైపు అలాగే ఉంచేసింది.

"కళ్లజోడు పెట్టుకోవడానికండీ. మీ జేబే కదా" అంది.

బాబాయ్ ఆ జేబు మీద చెయ్యి వేశాడు. జేబు అంచు సవరించి, "కుట్టు బాగా వచ్చింది" అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో అది ఆయన ఇచ్చిన పెద్ద కితాబుల్లో ఒకటి.

సోమవారం పదింటికి కొండదారి డ్యూటీ మొదలైంది. మొదటి మూడు స్టాపులూ వెన్నలా నడిచాయి. తలుపు తెల్లగీతకి వెంట్రుకవాసి కూడా తేడా లేదు. వంతెన దాటింది. ఎక్కుడు మొదలైంది. ఉన్నట్టుండి వానచుక్కలు గాల్లో నిలబడిపోయాయి. రోడ్డు ఒకసారి ఆగి, ఒకసారి గెంతింది. బాబాయ్ బ్రేకు తొక్కాడు. బొమ్మ మళ్లీ కదిలేసరికి బస్సు స్టాపుని పూర్తిగా దాటేసి నిలబడి ఉంది. వెనక జనం గొడుగులు ఎత్తి చూపిస్తూ తిట్టుకుంటున్నారు.

మంగళవారం కూడా అంతే. బుధవారం కూడా అంతే. ఎప్పుడూ వంతెన దాకా రాజబాట, వంతెన దాటితే నత్తనడక. కొత్త ఇంజను వేసిన బండి పాత బండి కన్నా అధ్వాన్నమైపోయిందని బాబాయ్ ప్రాణం ఉసూరుమంది.

ఒక్క సుఖం మాత్రం కొత్తగా దొరికింది. ఎడమకాలికి తగిలే వెచ్చదనం. బస్సులో ఇంజను బానెట్ డ్రైవరుకి ఎడమపక్కనే ఉండేది. దాని సెగ ముప్పై ఒక్క ఏళ్లు ఆయన ఎడమ పిక్కని కాస్తూ ఉండేది. రిటైరయ్యాక ఆ పిక్కకి చలేసినట్టు ఉండేది పాపం. ఇప్పుడు ఈ ఖాకీ తొడుక్కున్న డబ్బా, మూడో స్టాపుకల్లా సరిగ్గా ఆ పిక్కకే వెచ్చగా తగులుతోంది. ఇప్పటికి అసలైన బస్సులా ఉంది అనుకుని మురిసిపోయి, పీటని కాలికి ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

ఫోనులో కూతురు, "కార్డులోనే లోపమేమో, షాపులో చూపించు నాన్నా" అంది. పిన్ని తొడుగు విప్పేసింది. పరాయి బల్లల మీద పెడితే మాసిపోతుందట. డబ్బాని పాత దుప్పట్లో చుట్టి ఇచ్చి, ఆ పూట తొడుగు ఉతికి ఇస్త్రీ చేసే పని పెట్టుకుంది.

బాబాయ్ డబ్బాని ఒళ్లో పెట్టుకుని బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు. ఆ డ్రైవరు కుర్రాడు బస్సుని కుదిపి కుదిపి ఆపుతున్నాడు. ప్రతి స్టాపు ముందూ బాబాయ్ కుడికాలు తనంతట తనే నేలని తొక్కుతోంది, అసలు డ్రైవరు బ్రేకు తొక్కడానికి ఒక క్షణం ముందే. ఆ సంగతి మనం గమనించాం గానీ ఆయన గమనించలేదు.

షాపతను డబ్బాని బల్ల మీద పెట్టి, అదే కొండదారిని గంటసేపు నడిపాడు. ఎక్కడా ఆగలేదు, గెంతలేదు.

"కార్డు బంగారం. దీనికేం రోగం లేదు పెద్దాయనా. ఈ ఆటలు కాస్త స్పీడుగా ఉంటాయి. కళ్లకీ చేతులకీ అలవాటు కావాలి, అంతే" అన్నాడు, మర్యాదగానే.

తలకొట్టేసినట్టయింది బాబాయ్‌కి. గంటసేపు అతనికి ఆగని బొమ్మ తనకే ఆగుతోందంటే లోపం ఎక్కడున్నట్టు? బొమ్మ తెర మీద ఆగడం లేదు, తన కంట్లోనే ఆగుతోంది. డాక్టరు రాసింది నిజమే. ముందు కాలు వెనకబడింది, ఇప్పుడు కన్ను కూడా. ఆ దీపాల పరీక్షలో ఏదో పొరపాటు జరిగిందని, ఆ రోజు తనకి నిద్ర చాలలేదని ఇన్నాళ్లూ లోపల్లోపల చెప్పుకుంటూ వచ్చిన మాట ఆ షాపు మెట్ల మీదే చచ్చిపోయింది.

ఇంటికొచ్చి, "ఏమన్నాడండీ?" అని పిన్ని అడిగితే, "బాగానే ఉందన్నాడు" అని చేతులు కడుక్కున్నాడు. పిన్ని ఇస్త్రీ చేసిన తొడుగుని మళ్లీ డబ్బాకి తొడిగి నాడాలు కట్టింది.

ఆ రోజు నుంచీ కొండదారి జోలికి పోలేదు. తెర వంక ఒకసారి చూడమని భార్యని అడిగితే సరిపోయేది. అడగలేదు. 'నాకు బాగానే కనిపిస్తోందండీ' అంటుందేమోనని భయం. ఊళ్లోని చదును దారిలో రెండు స్టాపులు నడిపి లేచిపోయేవాడు. పదింటి డ్యూటీ పదిన్నరకి ముగిసేది. మరో నాలుగు రోజులకి బల్లకాళ్లు తన్నడం కూడా మానేశాడు. పిన్ని మిషను తొక్కుతూ ఓరకంట చూసేది. ఏమైందో అర్థం కాక కాఫీలో చక్కెర ఎక్కువ వేసేది.

కొండదారి మొదలెట్టిన పన్నెండో రోజు పొద్దున్న ప్యాంట్లన్నీ దండెం మీద ఆరుతున్నాయి. బాబాయ్ నిక్కరులో ఉన్నాడు. ఏం బుద్ధి పుట్టిందో, ఇదే ఆఖరు అనుకుని కొండదారి డ్యూటీ ఎక్కాడు. మూడు స్టాపులు గడిచాయి. వంతెన దాటింది. బొమ్మ గెంతింది. అదే క్షణంలో బట్ట అడ్డం లేని ఎడమ పిక్క ఖాకీకి తగిలి చురుక్కుమంది.

ఆ తర్వాత ఆయన ఏమీ ఆలోచించలేదు. కాలే ఆలోచించింది. ఎక్కుడులో బానెట్ అంత వేడెక్కితే ఏ డ్రైవరైనా ఏం చేస్తాడు? బండి పక్కకి తీస్తాడు, సిగ్నల్ వేస్తాడు, బానెట్ ఎత్తుతాడు. బాబాయ్ ఆటలో బస్సుని రోడ్డు వారకి తీసి, పసుపుదీపాలు వేసి, వంగి నాడాలు లాగి ఖాకీ తొడుగుని పైకెత్తాడు. గుప్పుమని వేడిగాలి ముఖాన కొట్టింది.

అలాగే వంగి ఉండిపోయాడు. డిపోలో చలికాలం తెల్లవారుజామున ఇంజను తొందరగా వేడెక్కాలని రేడియేటరు ముందు గోనెపట్టా కట్టేవారు. కట్టి విప్పడం మర్చిపోతే బండి చదును మీద బాగానే పోయేది, ఎక్కుడులో మాత్రం మొరాయించేది. కొత్త డ్రైవర్లు ఇంజను పాడైందని గగ్గోలు పెడితే ఈయనే వెళ్లి పట్టా విప్పి నవ్వేవాడు. ఎంతమందికి విప్పాడో లెక్కలేదు. తన బండికి కట్టింది మాత్రం కనబడలేదు. కనబడకపోగా, వెచ్చగా ఉందని కాలికి దగ్గరగా జరుపుకుని మరీ కూర్చున్నాడు!

ఉడుకు తగ్గకుండా బండి కదపకూడదు కాబట్టి పది నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తర్వాత తొడుగు అలాగే ఎత్తి ఉంచి కదిలాడు. నాలుగో స్టాపు, గీత మీద. అయిదో స్టాపు, గీత మీద. వాన కురుస్తూనే ఉంది, మలుపులు తిరుగుతూనే ఉన్నాయి, బొమ్మ ఎక్కడా ఆగలేదు. పదకొండో స్టాపులో చేతిబ్రేకు లాగేసరికి బాబాయ్ కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. నవ్వు కూడా వస్తోంది. కాలు బాగుంది. కన్ను బాగుంది. డిపోలో దీపం సంగతి ఏమో గానీ, దారి మీద తను ఇంకా డ్రైవరే.

"ఏంటండీ, ఒక్కరే నవ్వుకుంటున్నారు?" అని మిషను దగ్గర్నుంచి పిన్ని గొంతు వినబడింది.

ఉలిక్కిపడి తొడుగు గబగబా కిందికి లాగేశాడు. "ఏం లేదు. ఒక ముసలాయన బస్సెక్కుతూ జారాడు" అన్నాడు.

ఎలా చెబుతాడు? తన యూనిఫాం విప్పి, జేబు చెడకుండా కుట్టి, బూరెలా పొంగిపోయి తొడిగిన మనిషితో, నీ కుట్టే నా బస్సుని చంపింది అని ఎలా అంటాడు? అందుకని ఒక దొంగ ఏర్పాటు చేసుకున్నాడు. ఆ మర్నాటి నుంచీ పండగ బట్టల పని పడి, కుట్టినవి ఇచ్చిరావడానికి పిన్ని రోజూ పదింటికి బట్టల షాపుకి వెళ్లి పన్నెండింటికి వచ్చేది. ఆవిడ గుమ్మం దాటగానే తొడుగు విప్పడం, వచ్చేలోగా తొడిగి నాడాలు కట్టేయడం. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క ఎర్రదీపం దాటి ఎరగని మనిషి, అరవై దాటాక ఇంట్లో దొంగతనం మొదలెట్టాడు.

దొంగతనం వారం నడిచింది. ఎనిమిదో రోజు పిన్ని సంచి భుజాన వేసుకుని బయల్దేరినట్టే బయల్దేరి గుమ్మంలోంచి వెనక్కి తిరిగింది.

"ఏవండీ, నేను జారుముడి వేస్తాను. ఆ తొడుగు నాడాలకున్నది మీరు సామాన్లకి వేసే ముడి. వారంనుంచీ చూస్తున్నాను. తొడుగు నచ్చకపోతే నచ్చలేదని చెప్పకూడదూ? దొంగచాటుగా విప్పడమెందుకు?"

బాబాయ్ స్టీరింగ్ మీంచి చేతులు తీసేశాడు. "నచ్చకపోవడం కాదు."

"మరి?"

"దానికి ఊపిరాడట్లేదు. బొమ్మ గీసేప్పుడు అది ఇంజనులా వేడెక్కుతుంది. నువ్వేమో రెండు పొరలేశావు, పైగా లైనింగు. ఎక్కుడులో ఆగిపోతోంది."

పిన్ని సంచి కింద పెట్టింది. "ఈ మాటకి వారం దాచాలా? నేనేమన్నా చిన్నపిల్లనా, అలగడానికి?"

"వారం కాదు." బాబాయ్ స్టీరింగ్ వైపు చూస్తూ అన్నాడు. "అంతకుముందు పన్నెండు రోజులు తొడుగు వల్లని నాకూ తెలీదు. నా కాలే ఆలస్యమనుకున్నా. ఆ డాక్టరు రాసిందే నిజమనుకున్నా. కళ్లు కూడా పోయాయనుకున్నా."

డ్యూటీ చీటీలు పంచిన ఆ ఏడాదంతా అన్నం ముందు తల దించుకుని కూర్చున్న మనిషి గుర్తొచ్చాడు ఆవిడకి. ఏమీ అనడు కదా బాధ లేదేమో అనుకుంది అప్పుడు. తనమీద తనకే కోపం వచ్చింది. "పన్నెండు రోజులు లోపలే పెట్టుకుని తిరిగారా? నాకొక్క మాట చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా?" అని గట్టిగానే కేకలేసింది. కేకలేస్తూనే కత్తెరా, సుద్దముక్కా పట్టుకుని కింద కూర్చుంది.

"చూపించండి. ఇది ఊపిరి ఎటునుంచి పీలుస్తుంది, ఎటునుంచి వదుల్తుంది?"

బాబాయ్ తొడుగు తీసి ఆవిడ అరచేతిని డబ్బా వెనక పెట్టాడు. వేడిగాలి తగిలింది. పక్కకి పెట్టాడు. చల్లగాలి లోపలికి పోతోంది. పిన్ని తొడుగు మళ్లీ తొడిగి ఆ చోట్లలో సుద్దతో గీతలు గీసింది. ముప్పై ఒక్క ఏళ్లు నూలుపోగు ఊడనివ్వని ఖాకీని కసక్కున కోసేసింది. కోసిన చోట్ల దోమతెర ముక్కలు పెట్టి అంచులు కుట్టింది. జేబు జోలికి మాత్రం వెళ్లలేదు. ఆ పూట షాపుకి బట్టలు ఆలస్యంగా వెళ్లాయి. వెళ్లనీ.

అంతా అయ్యాక కుట్టుమిషను స్టూలు లాక్కొచ్చి బల్ల పక్కన వేసుకుని కూర్చుంది. "కానీండి. నేనూ చూస్తాను."

బాబాయ్ లేచి, బల్ల చుట్టూ తిరిగి, నాలుగు కాళ్లూ తన్ని, కూర్చుని బండి తీశాడు. ఒకటి, రెండు, మూడు స్టాపులు. వంతెన. ఆయన చూపు తెర మీద ఉంది, పిన్ని చూపు ఆయన కాలి మీద ఉంది. ఎక్కుడు మొదలైంది. వాన హోరుగా కురుస్తోంది, ఒక్కో చుక్కా విడివిడిగా జారుతోంది. నాలుగో స్టాపులో అందరికన్నా ముందు సంచి పట్టుకున్న ఒక ఆడమనిషి నిలబడి ఉంది. బస్సు కుదుపన్నది లేకుండా నెమ్మదిగా వచ్చి ఆగింది. సరిగ్గా ఆవిడ ఎదురుగా తలుపు తెరుచుకుంది.

"ఎప్పుడూ ఇంతే" అంది పిన్ని. "బట్టల మూటతో నేను నిలబడితే ఒక్క అడుగు వేయించేవారు కాదు. ఆ డాక్టరు ఏనాడన్నా మీ బస్సెక్కాడా అసలు?"

బాబాయ్ కళ్లజోడు తీసి తుడుచుకుని, ఖాకీ జేబులో పెట్టబోయి, డ్యూటీలో ఉన్నానని గుర్తొచ్చి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎక్కమ్మా, ఎక్కు. అవతల స్టాపుకి ఆలస్యమైపోతుంది" అన్నాడు.